కంపెనీ ఆపేస్తే మన ఆట ఏమవుతుంది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు ఆడే మినియేచర్ యుద్ధాల ఆటకు, అంటే చిన్న బొమ్మల సైన్యాలను బల్ల మీద నిలబెట్టి ఆడే ఆటకు, ఏడాదిగా కొత్త బొమ్మలు రాలేదు. స్టార్టర్ బాక్సు ఎక్కడ అడిగినా స్టాక్ లేదంటున్నారు. కంపెనీని అడిగితే "త్వరలో చెబుతాం" అని నీళ్లు నములుతోంది. మీతో ఆడేవాళ్లలో ఇద్దరు అప్పుడే తమ సైన్యాలను అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు మీరూ అమ్మేయాలా, లేక దొరికినంత కొని దాచుకోవాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. అమ్మకండి, కనిపించినవన్నీ కొనకండి. ముందు ఈ వారం ఆడాల్సిన ఆట ఆడండి. ఇది ఊరడింపు కోసం అంటున్న మాట కాదు. కంపెనీలు మంగళం పాడేసిన ఆటలను నేను చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. కంపెనీ ప్రకటన వల్ల ఆగిపోయిన గుంపుల కంటే, ప్రకటన రాకముందే "ఇక అయిపోయిందట" అనే మాటకు చెదిరిపోయిన గుంపులే ఎక్కువ కనిపించాయి. ఒకరు అమ్మితే అవతల ఆడేవాడు లేడని ఇంకొకరు అమ్ముతారు. అప్పుడు కంపెనీ ఆట కొనసాగించినా మీ దగ్గర ఆడేందుకు మనిషి ఉండడు.

మీరు చెప్పిన లక్షణాల్లో ఏది నిజంగా భయపడాల్సింది, ఏది కాదు అన్నది ముందు చూద్దాం.

స్టాక్ లేకపోవడం ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. బొమ్మ దేనితో చేస్తారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. గట్టి ప్లాస్టిక్ బొమ్మలను ఉక్కు అచ్చుల్లో పోస్తారు. అచ్చు చెక్కించడానికి చాలా డబ్బు కావాలి, చెక్కించాక ఒక్కో బొమ్మకు అయ్యేది మాత్రం చాలా తక్కువ. అందుకే ఒకేసారి వేలల్లో పోసి, అచ్చును పక్కన పెట్టి, ఆ సరుకు అమ్ముడయ్యే దాకా మళ్లీ దాన్ని ముట్టుకోరు. ఇంకో దేశంలోని ఫ్యాక్టరీలో పోయించుకునే కంపెనీ అయితే అక్కడ తన వంతు వచ్చేదాకా ఆగాలి, తర్వాత ఓడలో సరుకు రావాలి. అలాంటి ఆటకు నెలల తరబడి స్టాక్ లేకపోవడం మామూలే.

లోహపు బొమ్మల సంగతి వేరు. గుండ్రటి రబ్బరు అచ్చును యంత్రంలో గిరగిరా తిప్పుతూ, మధ్యలో ఉన్న రంధ్రంలో కరిగించిన తగరపు మిశ్రమం పోస్తారు. తిరిగే వేగానికి ఆ లోహం అంచుల దాకా, బొమ్మ వేలి చివర దాకా దూసుకుపోతుంది. కొన్ని నిమిషాల్లో అచ్చు విప్పితే బొమ్మలు చేతికొస్తాయి. వేడికి రబ్బరు అరిగిపోతే మూల ప్రతి నుంచి కొత్త అచ్చు చేసుకుంటారు. ఈ పద్ధతిలో పాతిక బొమ్మలు కావాలన్నా పోయవచ్చు. కాబట్టి లోహపు బొమ్మలు అమ్మే చిన్న కంపెనీ దగ్గర ఏడాది పాటు సరుకు లేదంటే నాకు అనుమానం వస్తుంది. పోయగలిగి కూడా పోయడం లేదంటే దాని వెనుక ఏదో కారణం ఉండి ఉంటుంది. మీ ఆట బొమ్మలు ప్లాస్టిక్‌వని రాశారు కాబట్టి స్టాక్ గురించి అంత టెన్షన్ పడనక్కర్లేదు.

నేనైతే వేరేవి గమనిస్తాను. రూల్స్‌లో సందేహాలకు జవాబులు, సవరణలు రావడం ఆగిపోయిందా? ఆటను రూపొందించినవాళ్లను అదే కంపెనీ ఇంకో ఆట మీదకు మార్చిందా? టోర్నమెంట్లకు పంపే బహుమతుల కిట్లు ఆగాయా? సినిమా పేరు మీదో వీడియో గేమ్ పేరు మీదో నడిచే ఆట అయితే ఆ లైసెన్సు ఇంకా ఉందా? వీటిలో రెండు మూడు కలిసి కనబడితే ఆటను అటకెక్కిస్తున్నట్టే అనుకోవచ్చు. ఏదో ఒకటి మాత్రమే కనబడితే తొందరపడకండి. కొత్త ఎడిషన్‌కు ముందు కూడా ఇలాంటి నిశ్శబ్దమే ఉంటుంది, ఎందుకంటే పాత ఎడిషన్ సరుకు అమ్ముడవకుండా కొత్తది ప్రకటించే కంపెనీ అరుదు.

ఇక అసలు భయానికి వద్దాం. నిజంగానే ఆపేశారనుకోండి, అప్పుడేమిటి?

బ్లడ్ బౌల్ సంగతే చూడండి. గేమ్స్ వర్క్‌షాప్ 1986లో తెచ్చిన ఆట ఇది, ఓర్కులు, ఎల్ఫులు జట్లు కట్టి బంతి కోసం కొట్టుకునేది. కొన్నేళ్ల తర్వాత కంపెనీకి దాని మీద ఆసక్తి తగ్గింది, క్రమంగా పెట్టె దొరకడం మానేసింది. కానీ రూల్స్ ఒక దగ్గర కుదురుగా ఉన్నాయి. ఆడేవాళ్లు కూడా చేయి వేసి ఏళ్ల తరబడి సరిచేస్తూ వచ్చిన ఉచిత రూల్‌బుక్ అది, ప్రపంచమంతా అదే వాడారు. ఆటగాళ్ల సంఘం టోర్నమెంట్లు నడిపింది. అంగట్లో కొత్త పెట్టె దొరకని 2015లో కూడా ఇటలీలోని లుక్కాలో ప్రపంచ కప్ జరిగింది. 2016 నవంబరులో కంపెనీయే కొత్త ఎడిషన్ తెచ్చింది. ఆడే జనం అప్పటికే సిద్ధంగా ఉన్నారు కాబట్టే అది మళ్లీ తెరవదగ్గ దుకాణంలా కంపెనీకి కనిపించిందని నా నమ్మకం.

అదే కంపెనీ 1983 నుంచి నడిపిన వార్‌హామర్ ఫాంటసీని 2015లో ముగించింది. కథలో ఆ ప్రపంచాన్నే నాశనం చేసి, దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చింది. ఏళ్ల తరబడి వరుసల్లో నిలబెట్టేందుకు చతురస్రపు బేసుల (బొమ్మ కాళ్ల కింది పీటల) మీద రంగులు వేసుకున్న సైన్యాలు ఒక్కసారిగా చెల్లని కాసుల్లా కనిపించాయి. ఆ రోజుల్లో చాలామంది కోపంతో, బాధతో సైన్యాలను అయినకాడికి అమ్మేశారు. మిగిలినవాళ్లలో కొందరు పాత రూల్స్‌తోనే ఆడారు, కొందరు కలిసి ది నైన్త్ ఏజ్ అనే ఉచిత రూల్స్ రాసుకున్నారు. 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో ఆ చతురస్రపు బేసులు తిరిగి వచ్చాయి. అమ్మకాల నుంచి పోయిన టూంబ్ కింగ్స్, బ్రెటోనియా సైన్యాలే మొదట వచ్చాయి. అయినకాడికి అమ్ముకున్నవాళ్లు తమ పాత బొమ్మలనే ఎక్కువ ధర పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

బ్యాటిల్‌టెక్ వీటన్నిటికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ. 1984లో మొదలైంది. దాన్ని తెచ్చిన ఫాసా కంపెనీ 2001లో మూతపడింది. హక్కులు చేతులు మారాయి, 2007 నుంచి క్యాటలిస్ట్ గేమ్ ల్యాబ్స్ నడుపుతోంది. 2019లో కొత్త బొమ్మల కోసం ఆ కంపెనీ చందాలు అడిగితే పాతిక లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. మధ్యలో అన్నేళ్లు అది ఎలా నిలిచిందంటే, దాని తయారీలోనే ఆ సులువు ఉంది. షడ్భుజాల గళ్లున్న మ్యాపు, మామూలు ఆరు ముఖాల పాచికలు, ఒక్కో యంత్రానికి ఒక కాగితం. దెబ్బ తగిలిన చోట ఆ కాగితం మీద చిన్న వృత్తాన్ని పెన్సిల్‌తో నింపుతారు. బొమ్మ లేకపోతే సీసా మూత పెట్టినా ఆట నడుస్తుంది. మూల రూల్స్ ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు కాబట్టి ఎనభైల్లో ఆడి వదిలేసిన మనిషి కూడా వచ్చి కూర్చోగలడు.

హీరోక్లిక్స్ కథ ఇంకా పొట్టిది. 2002లో వచ్చింది, 2008 నవంబరులో మాతృ కంపెనీ టాప్స్ ఆ ఆటను తయారుచేసే విభాగాన్నే మూసేసింది, 2009లో నెకా అనే ఇంకో కంపెనీ కొనుక్కుంది, ఆట తిరిగి నడిచింది. స్పార్టన్ గేమ్స్ 2017 ఆగస్టులో హఠాత్తుగా మూతపడినప్పుడు కూడా కొద్ది వారాల్లోనే దాని ఆటలను ఇంకో సంస్థ తీసుకుంది, డిస్టోపియన్ వార్స్ 2020లో కొత్త రూపంలో వచ్చింది. 2003లో మొదలైన వార్‌మెషీన్‌ను 2024లో స్టీమ్‌ఫోర్జ్డ్ గేమ్స్ కొనుక్కుంది.

అన్నీ ఇలా తిరిగి రాలేదు, ఆ సంగతీ చెప్పాలి. ఫ్రాన్స్‌కు చెందిన రాక్‌హామ్ కంపెనీ కాన్‌ఫ్రంటేషన్ అనే ఆటకు చేసిన లోహపు బొమ్మలంత అందమైనవి ఆ రోజుల్లో అరుదు. తర్వాత ఆ కంపెనీ ముందే రంగులు వేసిన ప్లాస్టిక్ బొమ్మల వైపు మళ్లింది, 2010లో మూతపడింది. ఆ ఆట మునుపటి స్థాయిని మళ్లీ అందుకోలేదు. ఇప్పటికీ దాన్ని ఆడుకునేవాళ్లు ఉన్నారు గానీ, కొత్తవాళ్లు ఆ బొమ్మలను సంపాదించడం కష్టం. కాబట్టి "ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుందిలే" అని మీకు హామీ ఇవ్వను. తిరిగి రాకపోయినా ఆడుకోగలిగేలా ఉండటం గురించే నేను చెప్పేది.

అందుకు అన్నిటికంటే ముఖ్యం రూల్స్. ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుంపులు చీలేది ఇక్కడే.

ఎక్స్‌వింగ్ తెలుసు కదా, స్టార్ వార్స్ ఓడలతో ఆడేది. 2012లో వచ్చి విపరీతంగా ఆడిన ఆట. 2018లో రెండో ఎడిషన్ వచ్చింది. అందులో ఓడల పాయింట్లను, అంటే జట్టు కట్టేటప్పుడు ఒక్కో ఓడకు లెక్కగట్టే విలువను, కార్డుల మీద ముద్రించడం మానేశారు. యాప్‌లో, పీడీఎఫ్‌లో ఇస్తే ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చని ఆలోచన. ఆట నడుస్తున్నంత కాలం అది మంచి ఆలోచనే. 2020లో ఆటను దాన్ని తెచ్చిన ఫాంటసీ ఫ్లైట్ నుంచి అటామిక్ మాస్ గేమ్స్ అనే సంస్థకు అప్పగించారు. 2022లో కొత్త బృందం రూల్స్‌ను భారీగా మార్చింది, 200 పాయింట్ల జట్టు పోయి 20 పాయింట్ల జట్టు వచ్చింది. చాలామందికి నచ్చింది, చాలామందికి నచ్చలేదు. నచ్చనివాళ్లు పాత పద్ధతికే సొంతంగా పాయింట్లు వేసుకుని విడిగా ఆడసాగారు. 2024లో ఇక కొత్తవి రావని కంపెనీ ప్రకటించాక, కొత్త పద్ధతివాళ్లు కూడా పాయింట్ల బాధ్యత తామే తీసుకున్నారు. రెండు వర్గాలూ శ్రద్ధగానే పని చేస్తున్నాయి. కానీ ఒకే ఓడలు, ఒకే కార్డులు ఉన్న ఇద్దరు ఎదురుపడితే ఇప్పుడు మొదటి ప్రశ్న "నువ్వు ఏది ఆడతావు?" అన్నది. పెద్ద జనాభా ఉన్న ఆట కాబట్టి ఆ చీలికను తట్టుకుంది. ఆరేడుగురు ఆడే మీ గుంపులో అలాంటి చీలిక వస్తే ఇటు ముగ్గురు, అటు ముగ్గురు మిగులుతారు.

కాబట్టి కంపెనీ ఆపిన మరుక్షణం "ఇన్నాళ్లూ మనకు నచ్చనివన్నీ ఇప్పుడు సరిచేద్దాం" అని ఎవరైనా ఉత్సాహపడితే దయచేసి ఆపండి. ఆ ఉత్సాహం చెడ్డదని కాదు. ప్రతి ఒక్కరి మనసులో సరిచేయాల్సినవి వేరువేరుగా ఉంటాయి, అవన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. చివరి అధికారిక రూల్స్ ఏ తేదీవో రాసిపెట్టుకుని, ఒక ఏడాది దానికే కట్టుబడండి. తర్వాత మార్చాల్సి వస్తే ముందు పాయింట్లు మార్చండి, రూల్స్ జోలికి పోవద్దు. పాయింటు మార్పు ఒక కాగితంతో పోతుంది. ఒక రూల్ మారిస్తే మాత్రం తెలిసినవాళ్లంతా మళ్లీ నేర్చుకోవాలి, దానివల్ల ఇంకో మూడు చోట్ల పుట్టే సందేహాలకూ మీరే జవాబు చెప్పుకోవాలి. ఎవరు మార్చాలో కూడా ముందే తేల్చుకోండి. ముగ్గురుంటే చాలు. అందరి ఓటుతో రూల్స్ రాసే పద్ధతి నేను చూసినంతలో నిలబడలేదు.

కంపెనీ వెబ్‌సైటు ఇంకా ఉన్నప్పుడే చేయాల్సిన పనులున్నాయి. రూల్‌బుక్, సవరణలు, ఆట రంగాల వివరాలు, పాయింట్ల పట్టిక అన్నీ దించుకుని, గుంపులో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. మీ ఆటకు యాప్ ఉందని రాశారు. అందులోని ప్రతి యూనిట్ వివరాలనూ కాగితం మీదకో పట్టికలోకో ఎక్కించుకోండి. సర్వర్ ఆపేసిన రోజు యాప్ తెరుచుకోకపోవచ్చు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, నాకు తెలుసు. గుంపులో ఒక్కో ఫ్యాక్షన్ (ఆటలోని ఒక్కో పక్షం) ఒక్కొక్కరు పంచుకుంటే రెండు ఆదివారాల్లో అయిపోతుంది.

బొమ్మల కంటే ముందు కరువయ్యేవి చిన్న చిన్న సామాన్లు. ప్రత్యేక గుర్తులున్న పాచికలు, అట్ట టోకెన్లు, కొలిచే పలకలు, డయళ్లు. వీటిని విడిగా అమ్మరు, పోతే మళ్లీ దొరకవు. పలకలను, టోకెన్లను స్కానర్ మీద పరిచి, పక్కన ఒక స్కేలు పెట్టి స్కాన్ చేయండి. స్కేలు ఎందుకంటే, రేపు ప్రింటు తీసినప్పుడు కాగితం మీది స్కేలును అసలు స్కేలుతో సరిపోల్చితే సైజు కచ్చితంగా వచ్చిందో లేదో తెలుస్తుంది. కదలికను మిల్లీమీటర్లతో కొలిచే ఆటలో రెండు శాతం తేడా వచ్చినా గొడవే.

పాచికలకైతే పట్టిక రాసుకోండి. ఎక్స్‌వింగ్ దాడి పాచికకు ఎనిమిది ముఖాలు: మూడు దెబ్బలు, ఒకటి పెద్ద దెబ్బ, రెండు కంటి గుర్తులు, రెండు ఖాళీ. రక్షణ పాచికలో మూడు తప్పించుకోవడం, రెండు కంటి గుర్తులు, మూడు ఖాళీ. ఇంతే. మామూలు ఎనిమిది ముఖాల పాచిక తీసుకుని 1 నుంచి 3 దెబ్బ, 4 పెద్ద దెబ్బ, 5, 6 కన్ను, 7, 8 ఖాళీ అని ఒక చీటీ రాసుకుంటే ఆ ఆట పాచికలు లోకంలో ఎక్కడా దొరకకపోయినా దాడి ఆగదు. మీ ఆట పాచికలను ముందర పెట్టుకుని ఏ ముఖం మీద ఏముందో ఇప్పుడే రాసుకోండి.

ఇక కొనడం. మీకు లేని ఫ్యాక్షన్లన్నీ కొనాలని మనసు లాగుతుంది. వద్దు. కంపెనీ ఆపేసిన ఆటలో కొత్తగా వచ్చేవాణ్ని "ముందు ఓ సైన్యం కొనుక్కుని రా" అనలేం. ఎక్కడ కొంటాడు? ఎందుకు కొంటాడు? అతనికి సైన్యం మీరే ఇవ్వాలి. కాబట్టి మీ లక్ష్యం ఎదురెదురుగా నిలబెట్టగలిగే రెండు సైన్యాలు. మధ్యస్థమైన ఆటకు సరిపోయేంత, బలాబలాలు సమంగా, నేర్చుకోవడానికి తేలికగా ఉంటే చాలు. చరిత్ర యుద్ధాలు ఆడేవాళ్లు ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నారు. 1990లో వచ్చిన డీబీఏ అనే రూల్స్‌లో ఒక సైన్యం అంటే 12 దళాలే. ఒక మనిషి రెండు సైన్యాలు చిన్న డబ్బాలో వేసుకుని వెళ్లి ఎవరితోనైనా ఆడగలడు. ఆ రూల్స్ ఇప్పటికీ ఆడుతున్నారు, బొమ్మలు ఏ కంపెనీవన్నది ఎవరూ పట్టించుకోరు.

మీ గుంపులో అమ్మకానికి పెట్టిన ఇద్దరి సైన్యాలు ఇక్కడే పనికొస్తాయి. బయటివాళ్లకు ముక్కలు ముక్కలుగా పోకముందే మిగిలినవాళ్లంతా తలా కొంత వేసుకుని వాటిలో ఒకటైనా కొనండి. అది గుంపు సైన్యంగా ఉంటుంది, చూడటానికి వచ్చినవాడికి ఇచ్చి కూర్చోబెట్టవచ్చు. అమ్మినవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. డబ్బు అవసరమో, ఆసక్తి తగ్గడమో, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. ఆడే రోజున వాళ్లనూ పిలవండి. సైన్యం అమ్ముకున్నవాళ్లు కూడా అరువు బొమ్మలతో ఆనందంగా ఆడతారు.

ధరల గురించి ఒక మాట. ఆట ఆగిందన్న ప్రకటన రాగానే సెకండ్ హ్యాండ్‌లో సరుకు వెల్లువలా వస్తుంది, ధర పడుతుంది. కొంతకాలానికి మామూలు బొమ్మలు చవకగానే ఉంటాయి, చివర్లో తక్కువగా తయారైనవి మాత్రం పైకి పోతాయి. మీకు ఏదైనా చివరి విడుదలల్లోది నిజంగా కావాలంటే అది ఇప్పుడు కొనండి, మిగతావి ఆగినా నష్టం లేదు. తర్వాత లాభానికి అమ్ముకోవచ్చని మాత్రం కొనకండి. కొత్త ఎడిషన్ వస్తే పాత ధరలు ఏమవుతాయో చెప్పలేం, పైగా బీరువాలో సీలు తీయని పెట్టెలు పేర్చుకుంటే ఆట ఒక్క అడుగు కూడా ముందుకు పోదు.

3డి ప్రింటింగ్ గురించి అడగలేదు గానీ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇంట్లో పెట్టుకునే రెజిన్ ప్రింటర్లు ఇప్పుడు చాలా బాగా ప్రింటు చేస్తాయి, ఆగిపోయిన ఆటలకు అవి కొండంత అండ. కానీ కంపెనీ ఆట ఆపినంత మాత్రాన బొమ్మ రూపం మీద హక్కు పోదు. బొమ్మ శిల్పంతో సమానం, దాని కాపీరైటు అలాగే ఉంటుంది. కంపెనీ బొమ్మను స్కాన్ చేసి ఫైలు పంచడం తప్పు. అదే పాత్రకు పనికొచ్చేలా స్వతంత్రంగా చెక్కిన బొమ్మల ఫైళ్లు బోలెడు అమ్ముతున్నారు. బేసు సైజు సరిపోయి, ఏ ఆయుధం పట్టుకుందో దూరం నుంచి తెలిస్తే ఆటకు అంతకంటే ఏం కావాలి? రెజిన్ ద్రవాన్ని మాత్రం చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, గాలి ఆడే చోటే పని చేయండి.

రూల్స్ విషయంలో చట్టం కొంత ఉదారంగా ఉంటుంది. అమెరికాలో, ఇంకా చాలా చోట్ల, ఆట ఆడే పద్ధతికి కాపీరైటు ఉండదు. దాన్ని వివరించిన వాక్యాలకు, బొమ్మలకు, కథకు ఉంటుంది, పేరుకూ గుర్తుకూ ట్రేడ్‌మార్కు ఉంటుంది. అంటే మీ సొంత మాటల్లో రూల్స్ రాసుకోవచ్చు. కంపెనీ పుస్తకంలోని పేరాలు ఎత్తి రాయకండి, దాని లోగో ముఖచిత్రం మీద వేయకండి, డబ్బు తీసుకోకండి. ఈ మూడూ పాటిస్తే చాలామటుకు ఇబ్బంది రాదు. అయినా పెద్ద ఎత్తున పంచాలనుకుంటే మీ దేశపు చట్టం తెలిసినవాళ్లను ఒకసారి అడగండి.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి, కొత్తవి దొరకనప్పుడు ఉన్నవి పాడవకూడదు కదా. మామూలు స్పాంజి ఏళ్లు గడిచేకొద్దీ జిగటగానో పొడిపొడిగానో అయి రంగుకు అంటుకుంటుంది. బేసు కింద చిన్న అయస్కాంతం అంటించి ఇనుప రేకు పరిచిన డబ్బాలో నిలబెట్టడం మేలు. పాత లోహపు బొమ్మల్లో, ముఖ్యంగా తొంభైలకు ముందువాటిలో, సీసం ఉండవచ్చు. అవి గాలి ఆడని చెక్క బీరువాల్లో ఉంటే చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లటి పొడి పడుతుంది. ఆ పొడి విషం, పిల్లలకు అందకుండా చూడండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

ఇవన్నీ చేసినా ఆడే రోజు లేకపోతే ఉపయోగం లేదు. "వీలున్నప్పుడు కలుద్దాం" అనుకున్న గుంపు రెండు నెలల్లో కలవడం మానేస్తుంది. నెలలో ఫలానా వారం అని ఖాయం చేసుకోండి, ఇద్దరే వచ్చినా ఆడండి. ఆ రోజు వేరే ఆట ఆడాలని ఎవరైనా అంటే ఆడనివ్వండి, ఒక బల్ల మీద మాత్రం మీ ఆట పరిచి ఉంచండి. కొత్తవాళ్లతో మొదటి మాటగా "ఇది ఆగిపోయిన ఆట" అనకండి. వాళ్లకు సైన్యం ఇస్తున్నారు, రూల్స్ ఉచితం, పాచికలు మీవే. ఆటను కంపెనీ నడుపుతోందా లేదా అన్నది మొదటి రోజున వాళ్లకు అవసరం లేని సంగతి, అడిగితే నిజం చెప్పండి.

చివరగా కంపెనీకి రాయడం. కోపంగా రాసిన ఉత్తరాలు అక్కడ కుప్పలుగా ఉంటాయి. వాళ్లలో చాలామంది ఆ ఆటను ప్రేమించి చేసినవాళ్లే, ఆపాలన్న నిర్ణయం వాళ్లది కాకపోవచ్చు. "ఆపుతున్నారా?" అని అడిగితే సమాధానం రాదు, చెప్పే అధికారం వాళ్లకు ఉండదు. చేయగలిగిన పని అడగండి: యూనిట్ కార్డులను సొంత వాడకానికి ప్రింటు తీసుకునేలా పీడీఎఫ్‌గా పెట్టగలరా, టోకెన్ల, పలకల ఫైళ్లు ఇవ్వగలరా, పాత సవరణలన్నీ కలిపిన చివరి రూల్‌బుక్ ఒకటి విడుదల చేయగలరా, అభిమానులు ఉచితంగా రూల్స్ కొనసాగిస్తే అభ్యంతరం ఉందా. 2014లో చందాలతో మొదలైన గిల్డ్ బాల్‌ను స్టీమ్‌ఫోర్జ్డ్ 2020లో ఆపేసినా రూల్స్‌ను ఉచితంగా అందుబాటులో ఉంచింది. కంపెనీకి పెద్దగా ఖర్చు లేని పని అది. ఇలా అడగడానికి సరైన సమయం ఆట ఆగాక కాదు, ఆ బృందంలో మనుషులు ఇంకా ఉద్యోగాల్లో ఉన్న ఈ నెలల్లోనే. ఉత్తరం గుంపు తరఫున ఒక్కటే రాయండి, కింద అందరి పేర్లూ పెట్టండి.